తూకమునకు పోయిన సాక్ష్యములు

శతవార్షికోత్సవములు జరుపుకొన్న మన కళాశాలల, పౌరగ్రంథాలయముల పాలకవర్గములవారికి బహిరంగ లేఖ

మహాశయులారా,

మీ గ్రంథాలయములలో ఏండ్ల తరబడి ఎవ్వరును చేయి వేయని పాత ఆంగ్లగ్రంథములను, బీరువాలు ఖాళీ చేయవలసి వచ్చినప్పుడెల్ల, ‘తొలగింపబడినది’ అను ముద్ర వేసి తూకమునకు అమ్మివేయు పద్ధతి యొకటి కొంతకాలముగా ప్రబలుచున్నది. అట్టి ముద్ర గల ప్రతి యొకటి, క్లాడియస్ బుకానన్ రచించిన ‘క్రిస్టియన్ రిసెర్చెస్ ఇన్ ఏషియా’ అను గ్రంథము, హైదరాబాదు ఆబిడ్సులో ఆదివారమునాడు కాలిబాట పొడవునను పరచెడి పుస్తకముల రాశిలో, ప్రవేశపరీక్షల గైడులకును జాతకముల పొత్తములకును నడుమ నాకు దొరకినది. దానిని వదలుకొన్న సంస్థ యేదో చెప్పుట యిచట నా యుద్దేశము కాదు; అమ్మిన చిల్లర వర్తకునియందు దోషమును లేదు. కాని ఆ గ్రంథము ఏ బీరువానుండి వచ్చినదో ఆ బీరువాలో దాని ప్రక్కన మఱి యేమేమి యుండెనో, అవి యిప్పుడు ఏ యంగడిలో పొట్లములుగా మారెనో యను చింత నన్ను విడువకుండుటచే, ఏ యొక్కరికో జాబు వ్రాయుటకంటె మీ యందఱికిని బహిరంగముగా విన్నవించుటే మేలని తలచితిని.

నేను ధనవంతుడను గాను; పండితుడనని చెప్పుకొనుటకును సాహసింపను. మతము పేర మనుష్యులు మనుష్యులను చెఱసాలల బెట్టిన, కాల్చిన, దేశాంతరము వెడలగొట్టిన చరిత్రను చెప్పు పాతపుస్తకములను, జీతములో మిగిలినంత మేరకు, కొని దాచుకొనువాడను. ఇంతకన్న శుభమైన విషయము నీకు దొరకలేదా యని బంధువులు అడుగుచునే యుందురు. దేవుని మందిరమునకు ఎదురుగా ఆ బీరువా యుండరాదని మా పిన్నిగారు ఆజ్ఞాపించి దానిని వసారాలోనికి జరిపించిరి. ఆమె మాటలో కొంత న్యాయము లేకపోలేదు. ఈ పుస్తకములు చదువుటకు హాయి గొలుపునవి కావు, పటములు చూచుటకు అంతకన్న కావు.

మీలో కొందఱితో ఈ విషయము ప్రస్తావించినప్పుడు నాకు వచ్చిన మొదటి సమాధానము, ఇవి యన్నియు పక్షపాతగ్రంథములు, ఒక మతమువారు వేఱొక మతమువారిని దూషించుటకై వ్రాసినవి, వీనిని గ్రంథాలయమున నుంచుట కలహములకు ఎరువు వేయుట యగునని. ఇవి పక్షపాతగ్రంథములే. ఆ మాటను నేను మీకంటె గట్టిగా చెప్పగలను. కాని ఆ కారణముచేతనే వీనిని ఒంటరిగా గాక ఒకదానిప్రక్క నొకటిగా నుంచవలెనని నా వాదము. ఒకదానిని తొలగించినప్పుడు మిగిలినది అబద్ధముగా మారుట నేను పలుమాఱులు గమనించితిని.

జాన్ ఫాక్సు గ్రంథమును తీసికొందము. మేరీ రాణి పాలనలో, 1553 మొదలు 1558 వఱకు, ఇంగ్లండున దాదాపు 280 మంది ప్రొటెస్టెంటులు సజీవముగా దహింపబడిరి. వారి కథలను, వారి విచారణల వివరములను, జాబులను ప్రోగుచేసి, జాన్ డే యను ముద్రాపకుని సాహాయ్యముతో ఫాక్సు 1563లో ప్రకటించిన మహాగ్రంథము ‘యాక్ట్స్ అండ్ మాన్యుమెంట్స్’. లోకము దానిని హతసాక్షుల గ్రంథమని పిలిచెను. 1570లో అది రెండు సంపుటములై మఱింత పెరిగినది. మఱుసటి యేడు ప్రతి ప్రధాన దేవాలయమునను దాని ప్రతి నుంచవలెనని అచ్చటి మతాచార్యుల సభ శాసించినది. పెక్కు గ్రామదేవాలయములలో బైబిలు సరసన దానిని గొలుసుతో కట్టి యుంచిరి. చదువురానివారు సైతము దారుఫలకములపై చెక్కి ముద్రించిన ఆ మంటల బొమ్మలను చూచి కథ గ్రహించెడివారు. ఒక జాతి తన శత్రువును ఎట్లు తలచుకొనవలెనో ఆ బొమ్మలు తరతరములకు నేర్పినవి.

ఇంతటితో ఆగినచో కాథలికులు పీడకులు, ప్రొటెస్టెంటులు పీడితులు, కథ సమాప్తము. కాని 1587లో, అనగా ఫాక్సు మరణించిన యేటనే, ఆంట్వర్పు నగరమున రిచర్డ్ వెర్‌స్టెగన్ అను ప్రవాసి లాటిన్ భాషలో వేఱొక గ్రంథము వెలువరించెను. ఎలిజబెత్తు రాణి ప్రభుత్వము రాజద్రోహమను పేర ఉరిదీసి, పేగులు తీసి, ఖండించిన కాథలిక గురువుల చిత్రములును, ఫ్రాన్సు, నెదర్లాండ్సు దేశములలో ప్రొటెస్టెంటులు చేసిన క్రౌర్యముల చిత్రములును రాగిఫలకములపై చెక్కించి, చివర స్కాట్లండు రాణి మేరీ శిరచ్ఛేదమును చేర్చెను. ఈ రెండు పుస్తకములను ఒకే బల్లపై విప్పి యుంచినవానికి కలుగు విస్మయము వర్ణనాతీతము. బాధితుని దుస్తులు మారినవి, తీర్పరి టోపీ మారినది. కట్టెలు పేర్చువాని ముఖము మాత్రము రెంటను ఒక్కటే. ఈ యెఱుక ఫాక్సు నొక్కనిని చదివిన కలుగదు, వెర్‌స్టెగను నొక్కనిని చదివిన కలుగదు. పుస్తకముల సంగతి యట్లుంచి, పుస్తకముల ఇరుగుపొరుగే ఇచట విద్య.

మూడవ పొరుగువాడును కలడు, వాని సంగతియే నాకు మిక్కిలి యిష్టము. 1575లో లండనులో శరణు జొచ్చిన డచ్చి అనాబాప్టిస్టులు కొందఱు పట్టుబడిరి. పసిబిడ్డలకు గాక వివేకము వచ్చినవారికే జ్ఞానస్నాన మీయవలెననియు, కత్తి పట్టరాదనియు నమ్మినవారు కనుక వీరిని కాథలికులును, ప్రొటెస్టెంటులును సమానముగా ద్వేషించిరి. హతసాక్షుల చరిత్రకారుడైన ఫాక్సు, అగ్నిదండనము వలదని, వేఱేదైన శిక్ష విధింపుడని ఎలిజబెత్తు రాణిని వేడుకొనుచు లేఖ వ్రాసెను. వారిని విడిచిపెట్టుమని యడుగలేదు సుమా. కాల్పవలదని మాత్రమే యడిగెను. అదియును ఫలింపక, ఇరువురిని స్మిత్‌ఫీల్డున దహించిరి. తన గ్రంథమున పుటలకు పుటలు నింపిన ఆ మైదానముననే, తన పక్షమువారి చేతనే, మంట మరల లేచినది. ఆ యిరువురి కథ చదువవలెనన్న తీలెమన్ వాన్ బ్రాఖ్ట్ అను డచ్చి బోధకుడు 1660లో కూర్చిన ‘హతసాక్షుల దర్పణము’ చూడవలెను. 1685 నాటి ముద్రణమునకు యాన్ లౌకెన్ అను చిత్రకారుడు 104 చిత్రములు చెక్కి యిచ్చెను. వానిలో లోకప్రసిద్ధమైనది డిర్క్ విల్లెమ్స్ చిత్రము: 1569 ప్రాంతమున చెఱనుండి తప్పించుకొని గడ్డకట్టిన నీటిపై పరుగిడుచు, తన్ను తఱుముకొని వచ్చు భటుని కాలిక్రింద మంచు పగిలి వాడు మునిగిపోవుచుండ, వెనుదిరిగి చేయి యందించి వాని ప్రాణము గాచి, దానివలననే పట్టుబడి, దహింపబడిన మనుష్యుడు.

పురాతనవస్తువుల విపణిలో ఈ చిత్రములకు గిరాకీ మెండు. అందుచే గ్రంథములను విప్పి, పటములను చట్రములలో బిగించి విడివిడిగా నమ్ముకొని, అక్షరములున్న కాగితములను పాఱవైచు వ్యాపార మొకటి బయలుదేరినది. విల్లెమ్స్ బొమ్మను మాత్రమే గోడకు దగిలించుకొన్నవానికి అది మంచుపై జరిగిన ప్రమాదమువలె కనుపించును. ఎవడు ఎవనిని గాచెను, గాచినవానికి ఏమి జరిగెను అను సంగతి పాఱవైచిన కాగితములలోనే పోయినది. మీ సంస్థలలో పాతగ్రంథములను ప్రదర్శనలకై విప్పవలెనను ఉత్సాహవంతు లెవరైన నున్నచో, దయచేసి వారి చేతికి కత్తెర ఈయకుడు.

ఇదియే దర్పణగ్రంథము జర్మను భాషలోనికి మాఱి 1748లో పెన్సిల్వేనియాలోని ఎఫ్రాటా ఆశ్రమమున ముద్రణ కెక్కినది. పదునేనుగురు మూడేండ్లు శ్రమించి, ఇంచుమించు 1300 ప్రతులు సిద్ధపఱచిరి. అమెరికా వలసరాజ్యములలో అప్పటికి అంతటి పెద్ద పుస్తకము వేఱొకటి లేదు. పిమ్మట స్వాతంత్ర్యసమరము వచ్చినది. తుపాకి మందునకు చుట్టుటకు కాగితము చాలక, అమ్ముడుపోక మిగిలిన విడికాగితములను సైనికులు బండ్లకెత్తుకొని పోయిరి. కత్తి పట్టరాదని ప్రాణములిచ్చినవారి చరిత్ర తూటాలకు తొడుగైనది! మీ గ్రంథాలయమునుండి తూకమునకు పోవునదియు ఏ మేకుల పొట్లమునకు తొడుగగునో మనకు తెలియదు.

రెండవ సమాధానము మఱింత ఆధునికమైనది. ఈ గ్రంథములన్నియు ఇప్పుడు యంత్రముపై ఛాయాప్రతులుగా లభించుచున్నవి, మీట నొక్కిన కన్నులకు గట్టును, మీ రేల విచారింతు రని యందురు. ఆ సౌకర్యమును నేను నిత్యము వాడుకొనుచున్నాను. ఆంట్వర్పు గ్రంథమును కొనగల శక్తి నాకు జన్మములో కలుగదు. కాని ఛాయాప్రతి ఒక ప్రతికి ఛాయ. వేయి ప్రతులలో ఏది ఎవరి చేతిలో నుండెను, ఎవడు ఏ పంక్తి క్రింద గీటు గీసెను అనునది ఆ యా ప్రతికే చెందిన చరిత్ర. మైకేల్ సెర్వీటస్ గ్రంథము దీనికి తార్కాణము. త్రిత్వమును నిరాకరించిన ఆ స్పానిష్ వైద్యుడు 1553లో ఫ్రాన్సునందలి వియెన్‌లో రహస్యముగా వేయి ప్రతులు ముద్రింపించెను. రక్తము గుండెనుండి ఊపిరితిత్తులకు పోయి మరలివచ్చు విధము యూరపు ముద్రితగ్రంథములలో మొదట కానవచ్చునది అందులోనే. వియెన్ కాథలికులు ఆతడు చెఱ తప్పించుకొని పోగా ఆతని బొమ్మను, గ్రంథములను కాల్చిరి. జెనీవాలో ప్రొటెస్టెంటు నాయకుడైన కాల్విను పక్షమువారు అక్టోబరు 27న ఆతనినే కాల్చిరి. మిగిలిన ప్రతులు మూడు. ఒకటి వియన్నాలో, ఒకటి పారిసులో, ఒకటి ఎడిన్‌బరోలో. ఎడిన్‌బరో ప్రతికి మొదటి పదునాఱు పుటలు లేవు. ఎవరో చేతివ్రాతతో వానిని పూరించిరి. పారిసు ప్రతిపై జెనీవా విచారణలో అభియోగపక్షమున నిలిచిన న్యాయవాది కొలాడోన్ పేరున్నది, లోపల గీటులున్నవి. చంపవలెనని చదివినవాని కన్ను ఏ పంక్తివద్ద ఆగెనో ఆ గీటులు చెప్పును. వేయింటిలో మిగిలిన మూడింటిలో నొకటి అభియోక్త చేతిలో నున్నందున మిగిలినదని తలచినప్పుడు, గ్రంథములను గాపాడువారు ఎల్లప్పుడు వాని మిత్రులే కానక్కఱలేదని తోచును.

ఆ దహనమును నిరసించుచు మఱుసటియేడే బాసెలు నగరమున సెబాస్టియన్ కాస్టెలియో మాఱుపేరుతో, తప్పుడు ముద్రణస్థలముతో ఒక చిన్నపుస్తకమును వెలువరించెను. మతభేదము గలవారిని దండింపవచ్చునా యనునదే దాని ప్రశ్న. దండింపరాదని చెప్పిన ప్రాచీనుల, నవీనుల వాక్యములు ఏర్చి కూర్చి, కాల్విను పూర్వము తానే వ్రాసిన మాటలను సైతము అందు చేర్చెను. కాల్వినును సూటిగా ఖండించుచు ఆతడు వ్రాసిన రెండవ గ్రంథము మాత్రము ఆతని జీవితకాలమున అచ్చుకాలేదు. 1612లో గాని హాలెండున వెలుగు చూడలేదు. పీడనచరిత్రలను ప్రోగుచేయువారు మంటల పుస్తకములనే వెదకి, మంట నార్పజూచిన ఇట్టి సన్నని పుస్తకములను మఱచుట పెద్ద లోపము. సన్నని పుస్తకములు బీరువాలో కనబడవు. తూకములో మొదట పోవునవియు అవియే.

ఇక బుకానను సంగతి. 1808లో ఆతడు గోవాకు పోయినప్పుడు చేత షార్ల్ డెలన్ అను ఫ్రెంచి వైద్యుని గ్రంథము పట్టుకొని పోయెను. 1673లో డామనున నిర్బంధితుడై, గోవా ఇంక్విజిషన్ చెఱలో మ్రగ్గి, 1676లో శిక్ష పొంది, విడుదలయైన పిమ్మట 1687లో డెలన్ తన యనుభవములను ప్రకటించెను. 1560లో స్థాపింపబడి, నడుమ నాలుగేండ్లు తప్ప 1812 వఱకు సాగిన ఆ మతన్యాయస్థానము నూతన క్రైస్తవులను, పూర్వాచారములను విడువలేని దేశీయులను ఎట్లు బాధించెనో చెప్పుటకు దాని అభిలేఖలే మనకు మిక్కిలిగా మిగులలేదు. కనుక డెలన్ వంటి వారి మాట విలువ యింతింత కాదు. తన కాతిథ్యమిచ్చిన విచారణాధికారికే బుకానన్ ఆ పుస్తకమును చూపి, ఇది నిజమేనా యని యడిగెను. చెఱల వర్ణన, విచారణవిధానము సరియే గాని, మా యుద్దేశములను మాత్రము ఆతడు అపార్థము చేసికొనెనని ఆ యధికారి పలికినట్లు బుకానన్ వ్రాసెను. నిందితుని పుస్తకమును న్యాయాధిపతి చేతబెట్టి సాక్ష్యము పుచ్చుకొన్న ఘట్టము వేఱొకటి నాకు తెలియదు.

అయితే అదే బుకానన్ అదే గ్రంథమున పూరీ జగన్నాథ రథోత్సవమును వర్ణించిన తీరు చదివిన తెలుగువానికి ఒడలు మండును. గోవాలో సాక్షియైనవాడు పూరీలో అభియోక్త. ఈ పుస్తకమును దుర్మార్గపు గ్రంథమని తొలగింపవచ్చును, లేదా సత్యగ్రంథమని నెత్తిన బెట్టుకొనవచ్చును. రెండును సోమరుల మార్గములే. అనంత కాక్‌బా ప్రియోల్కర్ 1961లో తన గోవా ఇంక్విజిషన్ చరిత్రమును బొంబాయిలో ప్రకటించినప్పుడు డెలన్, బుకానన్ వ్రాతలను దానికి జతపఱచెను. ఆ పుస్తకములు ఏ బీరువాలోనో మిగిలియుండుటచేతనే గదా ఆయనకు చేతికందినవి!

‘ఇవి యన్నియు పరాయివారి గొడవలు’ అను మూడవ సమాధానమునకు నేను ఎక్కువ వ్రాయను. 1899లో నిజాము రాజ్యమునకు వచ్చిన అమెరికా మెన్నొనైట్ బ్రదరెన్ మిషనరీలు ఆ హతసాక్షుల దర్పణమును కుటుంబగ్రంథముగా నెంచిన సంప్రదాయమువారు. పాలమూరు ప్రాంతపు తెలుగు సంఘములకు ఆ గ్రంథము పరాయిది కాదు. మన శ్రీశైలముననే 1512 నాటి సంస్కృత శాసన మొకటి, వీరశైవ నాయకుడైన లింగని కీర్తించుచు, ఆతడు చేసిన పుణ్యకార్యముల వరుసలో శ్వేతాంబర జైనుల శిరములు ఖండించుటను చేర్చినది. పాల్కురికి సోమనాథుని బసవపురాణమును చేతబట్టి పరవశించు మనకు, అందలి జైనుల పరాభవకథలు చెవికి ముల్లువలె తగులుట లేదు. నా బీరువాలో వారి పక్షమున మాటాడునవి 1938 నాటి సాలెతోరు గ్రంథము, 1957 నాటి దేశాయి గ్రంథము. రెండును ఆంగ్లమున నున్నవి, రెండును మీ తొలగింపు జాబితాలలో చేరదగిన వయస్సువే. శ్రవణబెళగొళ శాసనముల సంపుటమును రైసు దొర 1889లో అచ్చొత్తించెను. శ్రీవైష్ణవుల వలన తమకు కలిగిన బాధను జైనులు మొఱపెట్టుకొనగా, 1368లో బుక్కరాయలు జైనుల చేతిని వైష్ణవుల చేతులలో నుంచి, రెండు దర్శనములకును భేదము లేదని తీర్చిన వృత్తాంతము అందున్నది. బెళగొళ దేవుని కావలికై జైనుల యిండ్లనుండి ఇంటికొక పణము చొప్పున వసూలుచేసి ఇరువదిమంది కావలివారిని నియమించు భారము తిరుమల తాతయ్య యను వైష్ణవునికే అప్పగింపబడినది. వైష్ణవుడే జైనాలయమునకు కావలి కుదుర్పవలెనన్న ఆ తీర్పులోని చమత్కారము కాస్టెలియోకు తెలిసియున్నచో తన చిన్నపుస్తకమున చోటిచ్చి యుండెడివాడు.

సంగ్రహమన నెట్లుండవలెనో చూపినవాడు ఫిలడెల్ఫియా ముద్రాపకుడు హెన్రీ చార్లెస్ లీ. ఐరోపా భాండాగారములలో వ్రాయసకాండ్రను నియోగించి పత్రములకు నకళ్లు తీయించి తెప్పించుకొని, 1888లో మధ్యయుగ ఇంక్విజిషన్ చరిత్రమును మూడు సంపుటములలో, 1906, 1907 సంవత్సరములలో స్పెయిను ఇంక్విజిషన్ చరిత్రమును నాలుగు సంపుటములలో రచించెను. ఆయనయు పక్షపాతియే యన్నవారు లేకపోలేదు. కాని ఆయనను ఖండింపదలచినవారికి సైతము ఆయన ప్రోగుచేసిన గ్రంథములే ఆయుధములుగా పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున, ఆయన చదువుకొన్న గది ఫలకములతో సహా, నిలిచియున్నవి. తనకు ముందువాడైన ల్యోరెంటే 1817లో చెప్పిన హతుల సంఖ్య అతిశయోక్తి యని లీ వంటివారు తేల్చగలుగుటకును మూలపత్రములు చెడక యుండుటే కారణము.

కావున నా విన్నపము చాల స్వల్పము. తొలగింపదలచిన గ్రంథముల పట్టికను అమ్మకమునకు మూడు నెలలు ముందుగా మీ వాకిట నంటింపుడు. చరిత్ర చదువుకొన్నవా రొక్కరు దానిపై కన్ను వేయువఱకు తూకపురాళ్లను బయటికి తీయకుడు. దాతల సంతకములు, మిషనుల ముద్రలు, జమీందారుల పేళ్లు గల మొదటి కాగితములను క్రొత్త బైండింగు పేర చించివేయకుడు. చినిగిన పుటలకు సెల్లోటేపు అంటింపకుడు, అది పదేండ్లలో కాగితమును పసుపుచేసి తినివేయును. వానకారు గోడకు ఆనించి యుంచకుడు. ఒక పక్షపు గ్రంథమును ఉంచినచోట రెండవ పక్షపు గ్రంథమును గూడ ఉంచుడు. ఏది మీ మతమునకు నొప్పి కలిగించునో దానిని కనులకెదురుగా నుంచుడు. ఇది యేదియు మీకు సాధ్యము కానిచో తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారమునకు ముందుగా నొక్క జాబు వ్రాయుడు. వారును వలదన్నచో ఈ పత్రికాసంపాదకుల ద్వారమున నాకు కబురు పంపుడు. తూకపు వెలకు నాలుగింతలు ఇచ్చి, బండి కూలి నేనే పెట్టుకొని, వచ్చి తీసికొనిపోదును.

ఇట్లు,
భవదీయుడు,
ఒక గ్రంథసంగ్రాహకుడు